కంప్యూటర్‌కి ఎవరి మొహం?

నవంబర్ 9, ఆదివారం

ఆరాధన ముగిశాక సంఘ పెద్ద బాలస్వామి గారు తేల్చేశారు. చర్చి వెనక గదిలో నేను మొదలుపెట్టిన కంప్యూటర్ క్లాసుకి వచ్చే ఆదివారం లోపు జనం రావాలి. లేకపోతే గదిలో షామియానా సామాను పెట్టేస్తారట. ఆయన్ని అనడానికేం లేదు. కంప్యూటర్లలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి నెలయింది, ఒక్కరూ తొంగిచూడలేదు. ఈ గది పోతే నేను ఏడుస్తాను, అది మాత్రం నిజం.

నవంబర్ 10

మార్క్ బావ తాడేపల్లి నుంచి వచ్చాడు. కొత్త విండోస్ ఎక్కదని వాళ్ల ఆఫీసు పారేయబోతే ఈ కంప్యూటర్లు ఇప్పించింది వాడే. వచ్చినవాడు ఊరుకుంటాడా? లినక్స్‌కి విండోస్ మొహం తగిలించమంటాడు. అదే స్టార్ట్ బటన్, అవే ఐకాన్లు. జనానికి అలవాటైందే పెట్టాలట. దాని మొహం దానికుండగా అరువు మొహం ఎందుకని నేను. అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది.

నవంబర్ 11

గది పోతుందేమోనని భయపడి విండోస్ మొహమే పెట్టాను. చూస్తుంటే ఒళ్లు మండుతోంది.

నవంబర్ 12, సాయంత్రం

రెబ్కా అక్క తనతో పత్తి తీతకి వెళ్లే ఆడవాళ్లని వెంటబెట్టుకొచ్చింది. తనే ముందు కూర్చుంది. స్క్రీన్ మీద వేలు పెట్టి పైకి తోసింది. కదల్లేదు. గట్టిగా తోసింది. చెడిపోయినవి మా మొహాన కొట్టావా అని నన్నే అడిగింది. మిగతావాళ్లూ వేళ్లతోనే పొడిచి చూశారు. మౌస్ వంక చూసినవాళ్లే లేరు.

వీళ్లు విండోస్ ఎక్కడ చూశారు గనక! వీళ్లకి అలవాటైంది చేతిలో ఫోను. అంత వాదించుకున్నాం, ఎవరికి అలవాటు అని మాత్రం ఇద్దరం అడగలేదు. ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వాగలేదు.

నవంబర్ 13

బావకి ఫోన్‌లో చెబితే పడీ పడీ నవ్వాడు. స్క్రీన్ నిండా పెద్ద ఐకాన్లు పెట్టాను, అచ్చం ఫోన్‌లాగా. మౌస్‌నే నీ వేలనుకో అని రెబ్కా అక్కకి చెప్పాను. కాసేపటికి పట్టేసింది. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఈ పట్టీ పక్కకి జరపొచ్చా? ఈ రంగు నచ్చలేదు, తీసేయొచ్చా? ఏదైనా మార్చుకో, ఎవరూ ఏమీ అనరు అన్నాను. నమ్మలేదు. రెండుసార్లు అడిగింది.

నవంబర్ 15

ఇవాళ క్లాసుకి సెలవు ఇస్తానంటే ఆడవాళ్లెవరూ ఒప్పుకోలేదు.

నవంబర్ 16, ఆదివారం

బాలస్వామి గారు గదిలోకి వచ్చారు. ఏ రెండు స్క్రీన్లూ ఒక్కలా లేవు. నేను పెట్టినట్టు ఒక్కటీ లేదు. వీటిలో సరైనది ఏదని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే రెబ్కా అక్క లేచి తన కుర్చీ ఆయన ముందుకి జరిపింది.

"మీకెట్టా కావాలో చెప్పండయ్యా, అట్టా పెడతా."

ఆయన కూర్చున్నారు.