టవల్ తప్పించి కొట్టిన బంతి

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ ఆఫీసువాళ్లు మీ పేరు మీద గోల్ఫ్ పోటీ ఒకటి పెట్టి నన్నూ పిలిచారు. మీ తమ్ముడిలాంటి రవి మైకు పట్టుకుని, "అన్నయ్య షాట్ అంటే షాటే! అంత క్లీన్‌గా బంతిని కొట్టేవాణ్ణి నేను చూళ్లేదు" అన్నాడు. మీరు బతికుండగా మీ వెనక పగలబడి నవ్వినవాడే. మిగతా పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. సిగ్గులేని జనం!

మీ ఆట నాకు తెలియదా? బంతికి కాస్త వెనగ్గా నా మంచి టవల్ పరిచి, దానికి కర్ర తగలకుండా బంతిని కొట్టడమే ప్రాక్టీసంటూ ఆదివారమల్లా పెరట్లోనే ఉండేవారు. బంతి ఉన్నచోటే ఉండేది. టవలేమో మట్టితో సహా ఎగిరి గులాబీల మీద పడేది. ఈ సొగసుకి చేతికి తెల్ల గ్లవ్ ఒకటి!

సాయంత్రం రవే నన్ను ఇంటి దగ్గర దింపాడు. టీ తాగుతూ పెరటివైపున్న కిచెన్ కిటికీ చూశాడు. రెండు పొరల అద్దంలో లోపలిది బాగానే ఉంది, బయటిదే పగిలింది.

"అయ్యో వదినా, రేపే మనిషిని పంపి మార్పించేస్తా" అన్నాడు.

అది పగిలినరోజు మీరు అద్దం వంకైనా చూడలేదు. "టవల్ చూడవే, కదల్లేదు!" అని పెరడంతా గంతులేశారు. నేను రెండ్రోజులు మీతో మాట్లాడలేదు.

"దాన్ని ముట్టుకోకు రవీ," అన్నాను. "మీ అన్నయ్య కొట్టిన ఒకే ఒక్క మంచి షాట్ అది."