పావు మాత్ర పిల్లిది

ఫెర్రీ సిబ్బంది వ్యవహారాలు చూచు అధికారి శ్రీయుత తిరుమలరావు గారి సముఖమునకు,

పోర్ట్‌బ్లెయిర్, డెయిరీ ఫార్మ్ నివాసి, ఇరవై ఆరేళ్లుగా సర్కారు ఫెర్రీల మీద సరంగుగా చుక్కాని పట్టిన మైలపల్లి నూకయ్య, వయసు 54, వ్రాసుకొను అర్జీ.

విషయం: డిప్రెషన్ మాత్రలు తినుచున్నది నేను కాదు, మా ఇంటి పిల్లి అని మనవి చేయుట గురించి, నన్ను తిరిగి చుక్కాని వద్ద నియమించుట గురించి.

అయ్యా,

తమరు తెలుగువారని తెలిసి ఈ అర్జీ తెలుగులో వ్రాస్తున్నాను. హిందీలో వ్రాస్తే తమ బల్ల మీదికి చేరేలోగా నలుగురు చదువుతారు. మొన్న విచారణలో నోటితో చెప్పుకున్నందుకే టికెట్ కౌంటర్‌లో వాళ్లు సైతం నన్ను చూసి మ్యావ్ అంటున్నారు. నేను పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి, ఇక్కడే తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివినవాణ్ని. తప్పులుంటే మన్నించగలరు.

1. సదరు పిల్లి పేరు రస్సీ. ఆడది, వయసు నాలుగేళ్లు, తూకం నాలుగు కిలోలు. మా ఫెర్రీలోనే తాళ్ల చుట్ట మధ్య పుట్టినందున, హిందీలో తాడు అనే అర్థంతో ఆ పేరు వచ్చింది. పేరు పెట్టినవాడు, పెంచినవాడు మా కళాసీ గోవిందు. గోవిందు గత జూలైలో విధి నిర్వహణలో మరణించిన సంగతి తమ ఫైళ్లలో ఉన్నది. అవతలి జెట్టీకి బోటు ఆనించే సమయాన తాడు వేయబోయి జారి, బోటుకూ జెట్టీకీ నడుమ పడ్డాడు. ఆ సమయాన చుక్కాని నా చేతిలో ఉన్నది. అలలు ఎక్కువగా ఉన్నవనీ, ఎవరి తప్పూ లేదనీ విచారణలో తేలినది. అందుచేత ఆ విషయం ఇక్కడ పొడిగించను.

2. గోవిందు భార్య కామమ్మది ప్రోతరాపూర్. ఆగస్టులో ఆమె పిల్లిని సంచిలో పెట్టుకుని బస్సులో మా ఇంటికి తెచ్చింది. "అన్నా, ఇది రోజూ గుమ్మం దగ్గర కూకుని ఆడికోసమే చూస్తంది. నాను చూడలేకపోతన్నాను, నీ కాడ ఉంచుకో" అన్నది. సంచి అందుకున్నాను.

3. మా ఇంటికి వచ్చిన తరువాత పిల్లి పొట్ట మీది వెంట్రుకలు తానే పీక్కోసాగింది. దూరాన ఫెర్రీ హారన్ వినబడితే మంచం కిందికి దూరి పూట పూటంతా రాదు. తిండి మానింది. డిసెంబరులో పశువుల డాక్టరు జాహ్నవి గారికి చూపించాను. ఆవిడ అరగంట పాటు ప్రశ్నలడిగి, పిల్లికి దిగులు జబ్బు పట్టిందని చెప్పి, ఫ్లూఆక్సెటిన్ అనే మాత్ర వ్రాశారు. పిల్లుల కోసం వేరే మందు ఈ దీవుల్లో దొరకదట. మనుషుల కోసం వచ్చే పది మిల్లీగ్రాముల మాత్రనే నాలుగు ముక్కలు చేసి, రోజుకొక్క ముక్క చొప్పున వేయమన్నారు.

4. బతు బస్తీలో మందుల షాపు నడిపే మణికుమార్ ఆ చీటీ చూసి ఇబ్బంది పడ్డాడు. ఈ మాత్ర ఎవరికి అమ్మినా రిజిస్టర్లో పేరు, వయసు, ఐలాండర్ కార్డు నంబరు ఎక్కాలి. "భయ్యా, పిల్లికి కార్డు ఎక్కడిది? తుమ్హారా నామ్ బోలో, రాసేస్తాను" అన్నాడు. ఓడ టికెట్టు మొదలు గ్యాసు బండ దాకా ఈ దీవుల్లో ఏది కావాలన్నా కార్డున్న మనిషి పేరే చెప్పడం మాకు అలవాటు. నేనూ అలాగే నా పేరు చెప్పాను. డాక్టరు చీటీ షాపులోనే ఉండిపోయింది. నా చేతికి వచ్చిన స్లిప్పు మీద మాత్రం నూకయ్య, 54, అని పడింది.

5. మా ఇంట్లో మందుల స్లిప్పులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేస్తాం. ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు, వాడుతున్న మందుల స్లిప్పులు ఫారానికి జత చేయాలని తమకు తెలిసినదే. ఈ ఏడు ఫారం నింపినది మా అమ్మాయి శ్రావణి. నా బి.పి. స్లిప్పులతో పాటు పిల్లి స్లిప్పులు నాలుగూ కుట్టేసింది. అడిగితే, "ఏక్ భీ కమ్ హువా తో మళ్లీ తిప్పుతారు నాన్నా, అందుకే అన్నీ పెట్టాను" అన్నది. పిల్ల తప్పు లేదు. తత్ఫలితముగా నేను మనోవ్యాధిగ్రస్తుడనని వ్రాసి, తొమ్మిది రోజులుగా నన్ను చుక్కాని నుండి దించి జెట్టీ మీద తాళ్ల పనికి వేశారు. నా స్థానంలో, బోటు మీద నాకు సహాయకుడిగా ఉన్న గణేష్ నడుపుతున్నాడు. అటుపైన మణికుమార్ కూడా భయపడి మాత్రలివ్వడం ఆపేశాడు.

6. ఇక తమ మెమో సంగతి. స్లిప్పుల తేదీలను బట్టి పది రోజులకొక స్ట్రిప్పు, అనగా రోజుకొక నిండు మాత్ర ఖర్చయినదనీ, పిల్లికి పావు చాలునప్పుడు తక్కిన ముప్పావు ఎవరు తిన్నారనీ తమరు ప్రశ్నించారు. సోమవారం లోగా జవాబివ్వకున్న యెడల నన్ను శాశ్వతంగా చుక్కాని నుండి తొలగిస్తామన్నారు. నా జవాబులు ఇవి.

(అ) మాత్రను బ్లేడుతో కోసేటప్పుడు పొడి అయిపోతుంది. సముద్రపు చెమ్మకు మిగిలిన ముక్కలు మర్నాటికి మెత్తబడి పనికిరావు.

(ఆ) పిల్లి చేప ముక్కలో పెట్టినా కనిపెట్టి ఉమ్మేస్తుంది. తిరిగి వేయవలసి వస్తుంది.

(ఇ) ఒకసారి కిటికీలో ఆరబెట్టిన మూడు ముక్కలను కాకి ఎత్తుకుపోయింది.

(ఈ) నేను ఆరోగ్యవంతుణ్ని. బాగా తింటాను. పడుకుంటే నిద్ర పడుతుంది. ఎటువంటి దిగులూ లేదు.

7. మాత్రలు తినే సరంగు నడిపే బోటు ఎవరూ ఎక్కరన్న సంగతి తమకు చెప్పనక్కరలేదు. చుక్కాని పోతే నాకు ఈ ఊళ్లో ముఖం ఉండదు. మా నాన్న వలలు లాగినవాడు. ఆ ఇంట్లో పుట్టి, తెల్ల యూనిఫాం వేసుకుని బోటు పైగదిలో నిలబడ్డ మొదటివాణ్ని నేను. అవసరమైతే పిల్లిని తమ ఆఫీసుకు తెస్తాను. పొట్ట మీద వెంట్రుకలు మళ్లీ మొలుస్తున్నవి, తమరే కళ్లారా చూడవచ్చు.

కాబట్టి తమరు దయతో విచారించి, నా పేరు మీదున్న మనోవ్యాధిని కొట్టివేసి అది పిల్లి పేరు మీద వ్రాయించవలెననీ, దాని మందు దానికి దొరికేలా షాపుకు ఒక ఉత్తరం ఇప్పించవలెననీ, నా చుక్కాని నాకు ఇప్పించవలెననీ కోరుచున్నాను. పిల్లి పక్షాన, నా పక్షాన ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మైలపల్లి నూకయ్య
సరంగు, ప్రస్తుతం తాళ్ల పని

తా.క.

అయ్యా, ఇది పొద్దున్నే సంతకం పెట్టి మడిచాను. తరువాత పిల్లికి మందు వేద్దామని కూర్చున్నాను. ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క మాత్ర. నాలుగు ముక్కలు కోసి పళ్లెంలో పెట్టాను. ఒక ముక్క చేపలో పెట్టి రస్సీకి వేశాను. తినేసింది. అది ఎప్పుడూ ఉమ్మలేదు. మిగతా మూడు ముక్కల మీదికి నా చెయ్యి దానంతటదే పోయింది. శ్రావణి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎన్నాళ్లుగా చూస్తోందో నాకు తెలియదు. స్లిప్పులు కుట్టింది అందుకేనా అని అడుగుదామనుకుని అడగలేకపోయాను.

ముక్కలు చెమ్మకు పాడవుతాయన్నదీ, కాకి సంగతీ అబద్ధం. దాని మీద నింద వేసినందుకు సిగ్గుపడుతున్నాను. ముప్పావు నేనే తిన్నాను.

డాక్టరమ్మ ఆ రోజు అడిగినవి ఇవి. తింటోందా? నిద్రపోతోందా? శబ్దానికి ఉలిక్కిపడుతోందా? మనుషుల్ని తప్పించుకుంటోందా? ఎప్పటి నుంచి? అన్నిటికీ పిల్లి అనే చెప్పాను. చెప్పుకుంటూ పోతుంటే ఒక్కొక్కటీ నాదే అని తెలిసింది. జూలై నుంచి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా తప్పు లేదని కాగితం ఇచ్చి పంపారు. తప్పు లేనివాడికి నిద్ర ఎందుకు పట్టదో ఆ కాగితంలో లేదు.

ఇంకొకటి. ఇది చెప్పకపోతే నేను మనిషిని కాను. జనవరిలో ఒక పొద్దున అదే జెట్టీకి ఆనించేటప్పుడు నా చెయ్యి కదల్లేదు. ఇంజను వెనక్కి తిప్పాలని తెలుసు, చెయ్యి రాలేదు. గణేష్ అరిస్తే అప్పుడు కదిలింది. బోటు వెళ్లి జెట్టీ టైర్లకు గుద్దుకుని ఆగింది. బళ్లోకి పోయే పిల్లలు ముప్పైమంది దాకా ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లాగ్‌బుక్‌లో అలల ఉధృతి వల్ల అని రాశాను. ఆ పొద్దున అలల్లేవు.

అందుకని పైన ఏడో అంశం కింద అడిగిన మూడింటిలో చివరిది కొట్టేయండి. చుక్కాని ఇప్పుడు నాకివ్వొద్దు. గణేష్ దగ్గరే ఉంచండి. మిగతా రెండూ ఉంచండి, కానీ మనోవ్యాధి ఇద్దరి పేర్ల మీదా రాయించండి.

ఆ మూడు ముక్కలూ కాగితంలో చుట్టి రస్సీ కోసం దాచాను. దానికి ఇంకా మూడు రోజులొస్తాయి, నేను ముట్టుకోను. ఉన్నపళంగా మానేస్తే నాకేమవుతుందో తెలియదు, డాక్టరమ్మ పిల్లి సంగతి చెప్పింది గానీ మనుషుల సంగతి నేను అడగలేదు. ఆవిడ అడిగిన ఆ ప్రశ్నలే నన్ను అడిగే డాక్టరు ఈ ఊళ్లో ఏ కిటికీ వెనక ఉంటారో తమరికి తెలిస్తే సోమవారం దాకా ఆగకుండా చెప్పి పంపండి. శ్రావణి నాతో వస్తానంది.