పియానో మీద టెంకాయ

మార్చి 3
నల్లమాడ దాటాక పెద్దాయన బంగళా. కూతుళ్లకని ఎప్పుడో కొన్న నిలువు పియానో. వాళ్లకు నేర్పిన లిల్లీ టీచరే ఇప్పటికీ వచ్చి వాయిస్తుంది. సోమవారం ఆమె కుడిచేతికి ఆపరేషన్. వేళ్లు మళ్లీ ఇలాగే ఆడతాయని డాక్టరు మాట ఇవ్వలేదు. తను కట్టిన పాట ఒకటుంది, ఎక్కడా రాసి లేదు. ఈలోగా దాన్ని నేను రికార్డు చేయాలి.

కింది పలక తీస్తే లోపల చెంబుడు నీళ్లు. "తేమ లేకుంటే చెక్క పగుల్తాది నాయనా" అంది టీచర్. నీళ్ల ట్యాంకరు కోసం కొట్టుకునే ఊళ్లో!

మార్చి 4
మూత ఎత్తి, పైన రెండు మైకులు. దగ్గర పెడితే లోపల తీగల్ని కొట్టే సుత్తుల టకటక. దూరం జరిపితే ఫ్యాను. వెనక పెడితే బోరు మోటారు.

పెద్దాయన సోఫాలోంచి... "ఏమప్పా, ఇంత పెట్టెకు రెండే మైకులా? మా పార్టీ మీటింగుకు ఆరు పెడ్తారే!"

నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే రోత.

మార్చి 5
ఫ్యాను, మోటారు ఆపించాను. మైకులు కుదిరాయి. టీచర్ సగం పాట వాయించి చూపింది. ఒళ్లు పులకరించింది.

"ఈ పొద్దు దినం బాగలేదప్పా, రేపు మొదలుపెట్టు" అన్నాడు పెద్దాయన. సరేనన్నాను. బటన్ నొక్కలేదు. వెధవని.

మార్చి 6
ఛీ.

పియానోకు పసుపు, కుంకుమ బొట్లు. పెద్దాయన చేతిలో టెంకాయ. టీచర్ "వద్దు సార్, లోపల..." అంటూనే ఉంది. "టెంకాయ కొట్టకుండా యాడన్నా పని మొదలుపెడ్తారా?" అని లోపలి ఇనుప అంచుకే కొట్టాడు. నీళ్లన్నీ సుత్తుల మీదికి. మూత తెరిచి పెట్టింది నేనే.

ఆయన చెయ్యి ఎత్తగానే నేనేం చేశాను? రెండు మైకులూ లాగి గుండెకు హత్తుకున్నాను. ఆ చెయ్యి పట్టుకోలేదు.

అయిదు మీటలు పలకడం లేదు. "ఆ అయిదూ కంప్యూటర్లో కలిపెయ్యప్పా" అన్నాడు పెద్దాయన. అసహ్యం... ఆయన మీద సగమే.

మార్చి 7
రోజంతా ఫ్యాను కింద ఆరబెట్టాం. రెండు మీటలు లేచాయి. మూడు లేవలేదు.

మార్చి 8
రేపే ఆపరేషన్. టీచర్ రాగానే చెంబులో నీళ్లు మార్చింది. "ఆ మూడూ నొక్కుతా నాయనా. పలక్కపోతే పోనీలే."

మైకులు దగ్గరగా పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా వాయించింది. పలకాల్సిన చోట మూడు మీటలూ టక్, టక్ అన్నాయి.

"ఆ టకటక తీసెయ్యప్పా, మా ఇంటి పియానో పాడైందనుకుంటారు" అన్నాడు పెద్దాయన. ఉన్నదున్నట్టే సేవ్ చేశాను.

ఒకసారి వినిపించమంది టీచర్. హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టి, ఆ మొహం చూసే ధైర్యం లేక బయటికి వచ్చేశాను. పాట అయిపోయి ఉంటుంది. లోపలికి పోవాలి...