చీకట్ల వెలిగే పళ్లేలు

శ్రీరాంపూర్,
15-5-1988, ఆదివారం.

ప్రభువునందు ప్రియమైన మగ్దలేనకు, పేతురు వందనాలు చెప్పి రాసే సంగతులు.

అవ్వ బాగుంది. రూతు బాగుంది. నువ్వు సుత నాగపూర్‌ల మంచిగున్నవని, ట్రైనింగు సక్కగ సాగుతుందని అనుకుంటున్న. అందరం క్షేమమని రాసుడు అలవాటే గని, నా క్షేమం సంగతి జర ఆగి రాస్త. ముందుగాల నువ్వడిగిన వాటికి జవాబు చెప్పనియ్యి.

అవ్వ మోకాళ్లకు నువ్వు పంపిన నూనె రోజూ రాస్తున్న. వాసన బాగలేదని నన్ను తిడుతది, మళ్ల పొద్దుగూకంగనే సీసా తనే తెచ్చి ముంగట పెడుతది. నొప్పి కొంచెం తగ్గిందట. చర్చి మెట్లు ఎవ్వరి చెయ్యి పట్టకుండ ఎక్కింది పోయిన వారం. రూతు అయిదో తరగతిల పడ్డది. నెత్తిల పేన్లు పోతలేవని దాని జుట్టును అవ్వ మెడ దాంక కత్తిరించింది. రూతు ఒక దినమంత ఏడ్చింది. ఇప్పుడు మెడకు గాలి తగులుతుందని, ఇంకెప్పుడు పెంచనని అంటుంది. నీ ఫోటో మీద పౌడరు చల్లి తుడుస్తుంది, ఎందుకంటే చెప్పదు.

ఇగ మిగిలినయి రెండు ప్రశ్నలు. "నెలాయె, ఒక్క ఉత్తరం లేదు, చెయ్యి నొస్తుందా?" అని ఒకటి. "బాపు చీకట్ల వెలిగే పళ్లేలు ఇసురుతుండు అని రూతు రాసింది, ఏందా ఆట?" అని ఇంకొకటి. నా చెయ్యి మంచిగనే ఉంది మగ్దలేనా. మొదటి దాని జవాబు రెండో దాంట్ల ఉంది. అందుకే మొదలుకెళ్లి చెప్త. కోపం రాకుండ చివరి దాంక చదువు. కోపం వచ్చినా సరే, చదువు.

నువ్వు పోయిన నెలకు గనిల కొత్త మిషన్ బిగించుటానికి ఒక తెల్లదొర వచ్చిండు. పొద్దుగూకేటప్పుడు గెస్టుహౌజు ఎనుక ఒక్కడే ప్లాస్టిక్ పళ్లేలు ఇసిరేది. మనం తినే పళ్లెమంత ఉంటది, అంచు కిందికి మలిగి ఉంటది, బోర్లించి పట్టుకుని మణికట్టు తిప్పి వదలాలె. దూరంగ ఒక తట్ట వేలాడగట్టి, ఎన్ని ఇసుర్లల్ల పళ్లెం అందుల పడ్తదో లెక్క పెట్టుకునేది. తక్కువ ఇసుర్లల్ల వేసినోడు గెలిచినట్టు. వాళ్ల దేశంల గోల్ఫు అనే ఆటను గిట్ల పళ్లేలతోని సుత ఆడుతరట. ముండ్లల్ల పడ్డ పళ్లేలు తెచ్చిచ్చి తెచ్చిచ్చి మన ఎనుక లైను మొండయ్య ఆయనకు దోస్తు అయిండు. క్రిస్మస్ దినం మన వాకిట్ల డోలు కొట్టిండు చూడు, ఆ మొండయ్యనే. దొర పోయేటప్పుడు ఆరు పళ్లేలు మొండయ్య చేతిల పెట్టి పోయిండు.

మొండయ్య ఊకుంటడా? బొగ్గు ఎత్తే పాత తట్టలు తొమ్మిది జమ చేసి, చర్చి గోడ కాడికెళ్లి పంపుహౌజు దాంక తుమ్మచెట్లకు, ఇనుప కడ్డీలకు కట్టిండు. ఫస్టు షిఫ్టు దిగినోళ్లందరికీ అదే పని. మొండయ్యను మించినోడు లేడు. చెట్టును సుట్టుకుని పోయి తట్టల పడేటట్టు ఇసిరేది. కాని ఎండలు ముదిరినంక సాయంత్రం అయిదింటికి సుత కాలు కింద పెట్టరాలే. చల్లబడే సరికి చీకటి, ఇసిరిన పళ్లెం ఏడ పడ్డదో కనపడది.

ఒకనాడు మొండయ్య అన్నడు, "పేతురన్నా, గనిలకు పోయే లైట్లన్నీ నీ చేతి మీదికెళ్లే పోతయి. గీ పళ్లేనికి ఒక్క దీపం పెట్టలేవా?"

నీకు తెలుసు, లాంపురూంల పనంటే గనిల దిగేటోళ్లకు చిన్నచూపు. నీడపట్టున కూసుని లైట్లకు ఛార్జింగు పెట్టేటోడు అంటరు. పన్నెండేండ్లల్ల నన్ను ఒక పనికోసం అడిగినోడు మొండయ్యనే. నాకు ఆ మాట పట్టుకుంది. ముందుగాల అగరొత్తులు కట్టి చూసిన, గాలికి ఆరిపోయినయి. నూనె వత్తి పెడితే ఒక పళ్లెం అంచు కాలింది. తర్వాత మధ్యల టార్చిలైటు బల్బు, చుట్టు మూడు సన్న సెల్లులు పొయ్యిరాళ్ల లెక్క పెట్టి టేపు చుట్టిన. మూడు దిక్కుల బరువు సమంగుంటేనే పళ్లెం వంకర పోకుండ తేలుతది. వెలిగింది. కాని పళ్లెం తట్టకు తగలంగనే దుకాణంల కొన్న ఆ బుగ్గ పోయేది. దెబ్బకు ఆగే బుగ్గ నాకు తెలిసినంతల ఒక్కటే, మన గని టోపీలైటు బుగ్గ.

ఆ బుగ్గల రెండు తీగలుంటయి. ఒక తీగ వెలుతురుకు పని చేస్తరు. అది పోతే బటన్ తిప్పి రెండో తీగ వెలుతురుకు బయటికొస్తరు. ఒక తీగ పోయిన బుగ్గను తీసేసి, డబ్బల పడేసి, కొత్తది పెట్టుడు మా పని. డబ్బలవి పెట్టి చూసిన, ఆటకు ఆగలే, మిగిలిన తీగ సుత దెబ్బకే తెగింది.

అప్పుడు నేను చేసింది గిది. సెలవు మీద పోయినోళ్ల లైట్లు లాంపురూం రాకు అరల మీద ఊకెనే ఉంటయి గదా. వాటిలకెళ్లి మంచి బుగ్గలు ఆరు తీసిన. వాటి జాగల డబ్బల ఉన్న ఒంటితీగ బుగ్గలు పెట్టిన. వాళ్లు సెలవుకెళ్లి వచ్చేలోపల మళ్ల మారుస్త అనుకున్న. దొంగతనమని నాకు అనిపించలే. పళ్లేనికి మంచి బుగ్గ పెట్టి ఇసిరిన మొదటి దినం చెప్తె నువ్వు నమ్మవు. లైన్ల కరెంటు లేదు. పచ్చ పళ్లెం చంద్రునోలె తిరుగుకుంట పంపుహౌజు మీదికెళ్లి పోతుంటే ఆడోళ్లు పొయ్యిల కాడికెళ్లి లేచొచ్చిండ్రు. రూతు ఎగిరి కేక వేసింది. "మా పేతురన్న చేసిండు" అని మొండయ్య అందరికీ చెప్పిండు. ఆ మాట కోసం నేను ఏమన్న చేసేటట్టు ఉంటి.

మొండయ్య అప్పుడు చెల్లె పెండ్లికని వారం సెలవు మీద పోయిండు. ఆ ఆరింట్ల అయిదో బుగ్గ ఆయన లైటుదే. బుధవారం తీసిన. శనివారం అమాస, చీకటి మంచిగుంటది, పెద్ద ఆట పెడుదామని అందరు అనుకున్నరు. మొండయ్య లేకుంటే ఆటేంది? గురువారం వాళ్ల ఊరికి పోయే మనిషితోని నేనే కబురు పంపిన, శనివారం వరకు వచ్చెయ్యి అని. శనివారం పొద్దుగాల పోయి ఆయన బుగ్గ ఆయనకు పెట్టేస్త అనుకున్న.

ఆయన శుక్రవారమే వచ్చిండు. వచ్చినోడు ఇంట్ల కూసుంటడా, సెకండు షిఫ్టుకు ఎక్కిండు. నేను మూడింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన. నా తర్వాత లాంపురూంల అంతయ్య. ఆయన రాకు మీది లైటు తీసి, ఎప్పటిలెక్కనే వెలుగుతుందా లేదా చూసి, తుడిచి, చేతికిచ్చిండు. వెలిగింది. ఎందుకు వెలుగది, ఒక తీగ ఉన్నదాయె.

రాత్రి పదిన్నరకు పని ముగించుకుని వస్తుంటే దారిల ఆ తీగ పోయింది. మొండయ్య ఎనుకబడి ఒక్కడే ఉండె. బటన్ తిప్పిండు, ఏం లేదు. గనిల చీకటి మన చీకటి లెక్క ఉండది మగ్దలేనా, కండ్లు తెరిచినా మూసినా ఒక్కటే. గోడ తడుముకుంట పోతుంటే బొగ్గు టబ్బులు కదిలినయి. కుడి పాదం పట్టాల మీద ఉండె.

పాదం సగం తీసేసిండ్రు.

శనివారం పొద్దుగాల నేను ముందుగాల ఏడికి పోయిన అనుకుంటున్నవ్? దవాఖానకు కాదు. పళ్లేలకున్న మంచి బుగ్గలు ఊడదీసి, లాంపురూంకు పోయి, మిగిలిన అయిదు లైట్లల్ల పెట్టేసిన. మొండయ్య లైటు అప్పటికే ఆఫీసోళ్లు పట్టుకపోయిండ్రు. ఒంటితీగ బుగ్గ ఇచ్చిండని అంతయ్యను సస్పెండ్ చేసిండ్రు. ఆ దినం సాయంత్రమే అంతయ్య మన ఇంటికి వచ్చిండు. చెప్పులు ఇడవకుండ వాకిట్లనే నిలబడ్డడు.

"పేతురూ, పదేండ్లాయె ఇద్దరం ఒక్కదాంట్లనే పని చేస్తున్నం. నేను జూటా మనిషినా? ఆ బుగ్గ ఎట్ల వచ్చిందో నీకేమన్న తెలుసా?"

"నాకు తెల్వది అంతయ్యా" అన్న.

ఆయన తల ఊపి పోయిండు. నేను చెప్పింది నమ్మి పోయిండు. బుగ్గలు తీసింది ఒక తప్పయితే, గది ఇంకో తప్పు, నాకు రెండోదే ఎక్కువ బరువు అనిపిస్తది.

ఇరవై ఆరు దినాలు గట్లనే ఉన్న. నీకు ఉత్తరం రాద్దామని కూసుంటే "అందరం క్షేమం" అన్న కాడికే చెయ్యి ఆగేది. అన్నం సయించలే. అవ్వ జరం అనుకుని కషాయం కాసిచ్చింది. పోయిన మంగళవారం ఆఫీసుకు పిలిచి ఒక కాయిదం ముంగట పెట్టిండ్రు. ఫస్టు షిఫ్టు దిగేటప్పటికి లైట్లన్నిటిల మంచి బుగ్గలున్నయని నేను సంతకం పెట్టాలె. నేను పెడితే అంతయ్య పని పోయినట్టే. కలం పట్టుకున్న. కడుపుల నొస్తుందని చెప్పి లేచొచ్చిన.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పిన. అంతా చెప్పిన. అవ్వ బియ్యం ఏరుతుండె, చెయ్యి ఆపలే. చివరికి అన్నది, "నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? నాకు చెప్తే నీ బరువు దిగుతదనా? మొండయ్య ఇల్లు ఎనుక లైన్లనే ఉంది."

పోయిన. మొండయ్య దవాఖానకెళ్లి వచ్చి ఆరు దినాలాయె అప్పటికి. మంచంల గోడకు ఒరిగి కూసున్నడు. ఆయన పెండ్లాం లింగవ్వ పట్టీ గుడ్డలు ఉడకబెడుతుంది. "రా అన్నా, కూసో" అన్నది. నేను కూసోలే. నిలబడే చెప్పిన.

మొండయ్య అంత విన్నడు. అయిపోయినంక అడిగిండు, "ఏ దినం తీసినవ్?"

"బుధవారం."

"నాకు కబురు పంపింది?"

"గురువారం."

లింగవ్వ చేతుల కర్ర కింద పడేసింది. "మేము నీకేం చేసినమన్నా? నా మొగని పాదం నీ ఆటకు కావల్సివచ్చెనా?" అని ఒకటే ఏడుపు. ఇరుగుపొరుగు వచ్చి తలుపు కాడ నిలబడ్డరు. వాళ్లందరి ముంగట తల వంచుకున్న.

"అంతయ్యకు చెప్పినవా?" అని మొండయ్య అడిగిండు.

"లే."

"ముందుగాల పోయి ఆయన పని ఆయనకు ఇప్పియ్యి. తర్వాత నా కాడికి వస్తవో రావో నీ ఇష్టం."

బుధవారం పొద్దుగాల కాయిదం రాసి, మొండయ్య లైటుకెళ్లి తీసిన ఆ ఒక్క బుగ్గ మూట కట్టుకుని పోయి మేనేజర్ సారు టేబుల్ మీద పెట్టిన. సారు రెండుసార్లు చదివిండు. "ఎవరన్న బెదిరించి రాయించిండ్రా?" అని అడిగిండు. లేదు సారూ, నేనే అన్న. నన్ను ఆ దినమే సస్పెండ్ చేసిండ్రు. ఇంక్వయిరీ అయితది, పోలీసు కేసు సుత కావచ్చు అంటున్నరు. పని మాత్రం ఉండదు, గది నాకు తెలుసు. పని పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలె. అవ్వను, రూతును మా చిన్నమ్మ ఇంటికి పంపుదామంటే అవ్వ నేను రాను, ఈడనే ఏడనన్న కిరాయికి ఉంటనన్నది.

అంతయ్య నిన్న డ్యూటీ ఎక్కిండు. గేటు కాడ ఎదురుపడ్డడు. నేను ఆగిన. ఆయన ఆగలే. ఆయన మాట్లాడుతడని నేను ఆశ పడుడే తప్పు.

ఇదంత నీ ట్రైనింగు అయిపోయే దాంక దాచిపెడుదామనుకున్న. కాని లైన్లకెళ్లి ఎవరో ఒకరు నీకు రాస్తరు. ఇంకొకరి నోటి మీదికెళ్లి వింటే నువ్వు నన్ను ఏమనుకుంటవో అని భయమైంది. నువ్వు పరేషాన్ కాకు అని రాసుడు నాకు చేతకాదు, అయితవు. కాని ట్రైనింగు ఇడిసిపెట్టి రైలెక్కకు. నీ చేతిల పని ఉంటే రూతు బతుకుతది. నన్ను తిట్టాలనుకుంటే ఉత్తరంల తిట్టు, నేను అవ్వకు చదివి వినిపిస్త. రూతుకు నేనే చెప్పిన. "అయితే మొండయ్య కాక మళ్ల నడవడా?" అని అడిగింది, ఇంకేం అడగలే. రెండు దినాలు నా పక్కల పండుకోలే. నిన్న పండుకుంది.

ఇగ ఆఖరి సంగతి. బుధవారం కాయిదం ఇచ్చినంక గురువారం పొద్దుగాల మళ్ల మొండయ్య ఇంటికి పోయిన. లింగవ్వ తలుపు తీసింది గని రమ్మనలే. మొండయ్య మంచం అంచుకు వచ్చి కూసుని ఉన్నడు, చంకకర్రలు గోడకు ఆనించి ఉన్నయి. ఇంకా అలవాటు కాలే ఆయనకు, రెండుసార్లు పడ్డడట. "బయటికి పోవాలె, భుజం ఇయ్యి" అన్నడు. వంగిన. మనిషి బరువంత నా మీద వేసిండు. గడప దాటేటప్పుడు నొప్పికి నా మెడ గట్టిగ పట్టుకున్నడు. లైను మూల దాంక పోయినం, వచ్చినం. మాఫ్ చేసిన అని ఆయన అనలే, నేను అడగలే. మంచంల కూసున్నంక, "రేపు ఇంకా జల్ది రా, ఎండ ఎక్కుతుంది" అన్నడు.

అప్పటిసంది రోజూ ఆరింటికే పోతున్న. లింగవ్వ నాతోని మాట్లాడదు. ఈ పొద్దు మాత్రం ఆయనకు చాయ్ పోసి, ఇంకో కప్పు నా పక్కల గచ్చు మీద పెట్టి లోపటికి పోయింది. తాగాలెనో వద్దో నాకు తెల్వలే. చల్లారేదాంక చూసి తాగిన.

జవాబు రాయి. కోపంగనన్న సరే, రాయి.

ఇట్లు,
రూతు బాపు,
పేతురు