తొమ్మిది గాట్లకు పది అంకెల జవాబు

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నిన్న మా పాలిటెక్నిక్ మెకానిక్స్ సారు మన నేతగాళ్ల దాజీ పేట్‌కు వచ్చి మన మగ్గం చూశాడు. సమీకరణాలను తానే సాధించి పెట్టే ప్రోగ్రాం ఒకటి కాలేజీ కంప్యూటర్‌లోకి వచ్చినప్పటి నుంచి ఆయనకు కాలు నేల మీద నిలవడం లేదు. మగ్గం కొలతలు ముందే నన్ను అడిగి తీసుకున్నాడు. పడుగు నూలు చుట్టిన బీమ్‌ను పట్టి ఆపే గొలుసు, ఆ గొలుసును లాగే కడ్డీ, కడ్డీకి వేలాడే ఇనుప బరువు, అన్నీ అందులో వేశాడు. బరువు ఎక్కడ తగిలించాలో దశాంశం తర్వాత పది అంకెల దాకా అచ్చు వేసుకొచ్చాడు. బరువు తగిలించడానికి మన కడ్డీకి ఉన్నవే తొమ్మిది గాట్లు.

"ఇగ మీ అందాజ్ పని బంద్. జవాబు ఇదే" అన్నాడు.

బీడీలు చుడుతున్న అమ్మ తల ఎత్తలేదు. "నేసినకొద్ది బీమ్ సన్నగైతది గద సారూ. రేపు ఈ కాయితంతోని ఏం జెయ్యాలె?"

ఆయన లెక్కలో బీమ్ ఎప్పటికీ ఒకే లావుగా ఉంది. ఇంత చదువూ చదివి, నేస్తే నూలు తరుగుతుందని తెలియని మనిషి. నువ్వు రోజూ పడుగు మీద అరచేయి ఆనించి, బీమ్ సన్నబడి బిగువు పెరిగిందనిపిస్తే బరువును ఒక గాటు లోపలికి జరిపేవాడివి.

కొలుద్దామని ఆయన బరువు మీద చెయ్యి వేశాడు. "ముట్టకుండ్రి సారూ" అన్నాను.

అది నువ్వు చివరిసారి జరిపిన నాలుగో గాటులోనే ఉంది. నువ్వు నేస్తూ వదిలిన చాదర్ దుప్పటి ఏడాదిగా సగంలోనే ఉంది. సన్నబడని బీమ్ కావాలంటే, పేట మొత్తంలో ఆయన లెక్కకు సరిపోయే మగ్గం ఇదొక్కటే.