మూడో తరగతి నేల మీద ఎండ గీత

శారదక్కా,

మీరు ఆఖరుసారి బడికి వచ్చి ఇవాళ్టికి ఏడాది. మీ మూడో తరగతి ఇప్పుడు నాది. నెలకోసారి, సరిగ్గా పదకొండింటికి, కిటికీ ఎండ ఎక్కడిదాకా వచ్చిందో పిల్లలచేత నేల మీద రంగుతో గీయించేవారు కదా. ఆ గీతలు చెరపనివ్వలేదు నేను.

ఇవాళ తనిఖీ. స్కేళ్ళు పట్టుకుని నేల మీద పాకుతున్న పిల్లల్ని చూసి, కొత్త హెడ్‌మిస్ట్రెస్ "ఇది ఏ పీరియడ్?" అని అడిగింది. నాకంటే ముందు, మునిర్కా కాలనీ నుంచి వచ్చే, హిందీ కలిపి మాట్లాడే లాస్య లేచింది.

"కొలిస్తే లెక్కలు మేడమ్. ధూప్, అదే ఎండ, ఎందుకు జరిగిందో చెప్తే సైన్స్. అదంతా రాస్తే తెలుగు."

ఆవిడ "అచ్ఛా" అని, గీతలు తొక్కకుండా పక్కనుంచి నడిచి వెనక బెంచీలో కూర్చుంది.

మీ ఆఖరి గీత పక్కన, 'వచ్చే ఏడు ఇదే రోజు ఎండ ఇక్కడికే వస్తుందా?' అని రాయించారు. అది రాసినవాళ్ళు ఇప్పుడు నాలుగో తరగతి. పొద్దుటి పొగమంచు పదిన్నరకు విడిపోగానే అందరూ పరుగెత్తుకొచ్చారు. పదకొండయింది. ఎండ మీ గీత మీదికి వచ్చి ఆగింది.

ప్రశ్న కింద వాళ్ళే రాశారు: 'వచ్చింది టీచర్.'

మీ
పద్మ