కర్పూరం వాసన వేసే బ్యాడ్జి

3 అక్టోబర్ 2023

తమ్ముడు మురళీధర్ మార్కాపురంలో మెడికల్ షాపు వెనక గదిలో కంపెనీ పెట్టినప్పుడు పదకొండు బ్యాడ్జీలు. ఈరోజుకు మూడు వందల పది. ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్లు ఛాతీ మీద పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి నేను పోయి పాతవి తెచ్చి ల్యాబుకు పంపితే, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో వాళ్లు చెప్తారు.

గిద్దలూరు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే సరళకు ఎప్పుడూ నవ్వే. బ్యాడ్జిని వదలొద్దమ్మా అంటే, మా ఆయన్ని కూడా ఇంత భద్రంగా చూసుకోనత్తా అనింది. రేడియేషన్ ఆపే సీసం ఏప్రాన్ భుజం దగ్గర చినిగింది. తల్లులు భయపడతారని పసిపిల్లల్ని మిషన్ కింద తనే పట్టుకుంటుంది. ఆసుపత్రివాళ్లకు చెప్పినాను. చూస్తామన్నారు.

18 జనవరి 2024

సరళ రీడింగ్ చాలా ఎక్కువ వచ్చింది. కారణం రాసి పంపమని ల్యాబు ఫారం పంపింది.

సరళ ఫోన్లో ఏడ్చింది. ఆయుధపూజకు బ్యాడ్జికి కూడా పసుపు కుంకుమ పెట్టి మిషన్‌కు తగిలించి మర్చిపోయినానని రాయత్తా, లేకుంటే నన్ను ఇంటికి పంపిస్తారు అనింది. నవంబర్‌లో బిల్లు కోసం పోయినప్పుడు ఆ బ్యాడ్జి దాని ఛాతీ మీద నేను చూసినాను. తమ్ముడు రాయక్కా అన్నాడు. ఆసుపత్రివాళ్లూ అదే అంటున్నారంట, వాళ్ల ఆరు బ్రాంచీల బ్యాడ్జీల పనీ మనకే ఇస్తారంట.

చెన్నకేశవస్వామిని తలుచుకుని రాసినాను. ఆయన్ని ఎందుకు తలుచుకున్నానో.

9 ఏప్రిల్

సరళ బ్యాడ్జి తెచ్చినాను. కర్పూరం వాసన. క్లిప్పు సందులో కుంకుమ. మూడు నెలలూ ఇంట్లో దేవుడి పటం దగ్గరే ఉన్నట్టుంది. రీడింగ్ పెరిగితే మళ్లీ అడుగుతారని దాని భయం. నాకు అర్థమైంది. గుడ్డతో తుడిచి ప్యాక్ చేసినాను.

2 జూన్

ఆరు బ్రాంచీలూ వచ్చినాయి. తమ్ముడు స్వీట్లు పంచినాడు.

11 జులై

మళ్లీ కర్పూరం. ఈసారి అడిగినాను. స్వామి దగ్గర ఉంటే ఆయనే చూసుకుంటాడత్తా అనింది. చున్నీ జారితే కడుపు కనిపించింది. ఐదో నెలంట. ఎవరికీ చెప్పొద్దంట, చెప్తే పనిలోంచి తీసేస్తారంట. బ్యాడ్జి పెట్టుకో తల్లీ, ఏప్రాన్ కొత్తది అడుగు అని చేతులు పట్టుకున్నాను. అబద్ధం మొదట రాసింది నువ్వే కదత్తా అనింది. నవ్వుతానే అనింది.

ఎవరికీ చెప్పలేదు. బస్సులో ఇంటికి వచ్చినాను.

28 ఆగస్టు

సరళకు బిడ్డ దక్కలేదు.

సరళ వాళ్ల ఊరు అర్ధవీడు పోయినాను. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ ఎక్స్‌రేల వల్లేనా అత్తా అని ఒక్కటే అడిగింది. డాక్టర్ చెప్పలేమన్నాడంట, వేరే కారణాలూ ఉంటాయన్నాడంట. నేను కూడా చెప్పలేను. చెప్పగలిగిన బ్యాడ్జి పటం దగ్గర ఉండె.

సరళ భర్త ఆంజనేయులు మేకల్ని దొడ్లోకి తోలి వచ్చినాడు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితం చూపించినాడు. పైన మా కంపెనీ పేరు. ఆరు నెలలకూ సున్నా. సున్నా అంటే మంచిదే కదత్తా అని అడిగినాడు.

నీళ్లు కూడా తాగకుండా లేచినాను.

30 ఆగస్టు

తెల్లకాగితం మీద ల్యాబుకు అంతా రాసినాను. జనవరి ఫారంలో రాసింది అబద్ధమని, ఆ సున్నాలు సరళవి కావని, తెలిసి తుడిచి పంపింది నేనని. ముందు తమ్ముడికి చదివి వినిపించినాను. కంపెనీ మూసుకోమంటావా అక్కా, ఇరవై మంది బతుకుతున్నారు అని అరిచినాడు. తర్వాత కుర్చీలో కూలబడి, ఆ పిల్లకు ఎన్నో నెల అని అడిగినాడు. ఏడో నెల వచ్చిందన్నాను. తల వంచుకున్నాడు.

రిజిస్టర్ పోస్టు చేసినాను. ఏం రాసినా ఆ ఆరు నెలల లెక్క ఇక ఎవరికీ తెలియదు.

5 అక్టోబర్

ల్యాబు నుంచి ఇంకా జవాబు రాలేదు. గిద్దలూరు పోయినాను. సరళ పనిలోకి ప్రియదర్శిని అనే పిల్ల వచ్చింది. బ్యాడ్జి నా చేత్తోనే పెట్టినాను. కింద గుండె కొట్టుకుంటా ఉంది. చెయ్యి తీయలేకపోయినాను. ఏందమ్మా అని అడిగింది. ఇంకొంచెంసేపు అన్నాను.